డిబేట్‌కు వస్తరా, రారా? అసలు డేట్ ఎవరు ఫిక్స్ చేస్తరు?



ఈ రోజు ఒక సీన్‌తో స్టార్ట్ చేద్దాం. 2025 జూలై 8, ఉదయం 11 గంటలు. హైదరాబాద్‌లో సోమాజిగూడ ప్రెస్ క్లబ్. కెమెరాలు రెడీ. బీఆర్ఎస్ వర్కింగ్ ప్రెసిడెంట్ కేటీఆర్ వచ్చేశారు. రావాల్సిన ఇంకో మనిషి ఎవరు? కొడంగల్ ఎమ్మెల్యే, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి. ఆ టైమ్‌కు ఆయన ఢిల్లీలో ఉన్నారు. డిబేట్ జరగలేదు.

ఒకరు "భయపడ్డడు" అంటరు, ఇంకొకరు "అదంతా డ్రామా" అంటరు. మనం ఆ పంచాయితీలోకి పోవట్లేదు. మన ప్రశ్న వేరే. ఇద్దరు లీడర్లు ఒకే స్టేజీ మీద కూర్చోవాలంటే ఆ డేట్ ఎవరు పెట్టాలి? ఒకరు రాకపోతే ఏమైతది? ముందు అమెరికా చూసి, మళ్లీ మన జిల్లాకు వద్దాం.

అమెరికాలో కథ

అమెరికాలో ప్రెసిడెంట్ డిబేట్లు ఎప్పటినుంచో రూల్ ప్రకారం జరుగుతున్నయని మనం అనుకుంటం. కాదు. డిబేట్‌కు రావాల్సిందే అని అక్కడ చట్టం లేదు. 1960లో కెనడీ, నిక్సన్ టీవీలో డిబేట్ చేశారు. ఆ తర్వాత 1964, 1968, 1972 మూడు ఎన్నికల్లో అసలు డిబేటే లేదు. మళ్లీ 1976లో మొదలైంది. 1980లో కార్టర్ ప్రెసిడెంట్‌గా ఉండి, మూడో అభ్యర్థి ఆండర్సన్‌ను కూడా పిలిచారని మొదటి డిబేట్‌కు రాలేదు. రీగన్, ఆండర్సన్ ఇద్దరే మాట్లాడుకున్నరు.

1987లో రెండు పెద్ద పార్టీలు కలిసి డిబేట్ల కోసం ఒక కమిషన్ పెట్టించాయి. 1988 నుంచి 2020 దాకా డేట్లు, యూనివర్సిటీలు, యాంకర్లు అన్నీ అదే ఫిక్స్ చేసింది. 2000 ఎన్నికల నుంచి సర్వేల్లో సగటున 15 శాతం మద్దతు ఉంటేనే స్టేజీ ఎక్కనిచ్చేది.

2024 ఎన్నికలకు కూడా ఆ కమిషన్ 2023 నవంబర్‌లోనే డేట్లు చెప్పేసింది: సెప్టెంబర్ 16, అక్టోబర్ 1, అక్టోబర్ 9. ఒక్కటి కూడా జరగలేదు! 2024 మే నెలలో బైడెన్ టీమ్ ఆ కమిషన్‌ను పక్కన పెట్టి, నేరుగా టీవీ ఛానళ్లతో మాట్లాడుకుంది. ట్రంప్ కూడా ఓకే అన్నారు. అట్లా జూన్ 27న అట్లాంటాలో సీఎన్ఎన్ డిబేట్ జరిగింది. ఆడియెన్స్ ఉండొద్దు, ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరి మైక్ బంద్. ఎవరు ఏ వైపు నిలబడాలో తేల్చడానికి కాయిన్ టాస్ కూడా వేశారు.

ఆ ఒక్క రాత్రి ఏం చేసిందో మీకు తెలుసు. బైడెన్ తడబడ్డారు. జూలై 21న పోటీ నుంచే తప్పుకున్నారు. అంటే డిబేట్ ఒట్టి షో కాదు, అభ్యర్థినే మార్చేసింది.

తర్వాత హ్యారిస్ వచ్చారు. సెప్టెంబర్ 4న ఫాక్స్‌లో పెట్టుకుందామని ట్రంప్ అంటే, ముందు ఒప్పుకున్నట్టు సెప్టెంబర్ 10న ఏబీసీలోనే అని హ్యారిస్ పట్టుబట్టారు. చివరికి 10నే ఫిలడెల్ఫియాలో జరిగింది. ఆ తర్వాత సీఎన్ఎన్‌లో ఇంకోటి చేద్దామని హ్యారిస్ పిలిస్తే, ఈసారి ట్రంప్ వద్దన్నారు.

ఎందుకు రారు?

ఇక్కడ లెక్క చాలా సింపుల్. రేసులో ముందున్న మనిషికి డిబేట్‌తో వచ్చే లాభం తక్కువ, పోయేది ఎక్కువ. వెనుకబడ్డ మనిషికి పోయేదేం లేదు, వస్తే మైలేజీ. అందుకే సవాల్ విసిరేది ఎక్కువగా వెనుకున్నవాళ్లే. తప్పించుకునేది ఎక్కువగా కుర్చీలో ఉన్నవాళ్లే. ఇది ఏ ఒక్క పార్టీ గుణం కాదు, కుర్చీ గుణం.

నమ్మరా? మన దగ్గరే చూడండి. 2021 సెప్టెంబర్‌లో "వైట్ ఛాలెంజ్" అని ఒకటి నడిచింది, యాదికుందా? అప్పుడు రేవంత్ రెడ్డి ప్రతిపక్షంలో ఉన్నారు, కేటీఆర్ మంత్రి. అది డిబేట్ కాదు, డ్రగ్ టెస్టులు చేయించుకుందాం రా అన్న సవాల్. రేవంత్ గన్‌పార్క్ దగ్గరికి వచ్చి ఎదురుచూశారు. ఇప్పటి మన చేవెళ్ల ఎంపీ కొండా విశ్వేశ్వర్ రెడ్డి కూడా వచ్చారు. కేటీఆర్ రాలేదు, పరువు నష్టం అంటూ కోర్టుకు పోయారు. నాలుగేండ్లకు సీన్ రివర్స్. ఈసారి ఎదురుచూసింది కేటీఆర్, రానిది రేవంత్. మనుషులు అదే, కుర్చీలు మారినయి. అంతే.

దేశం లెవల్లో కూడా ఇదే. 2024 మే నెలలో రిటైర్డ్ జడ్జీలు మదన్ లోకూర్, ఏపీ షా, జర్నలిస్టు ఎన్.రామ్ కలిసి మోదీ, రాహుల్ గాంధీ ఇద్దరికీ లెటర్ రాశారు, ఒకే వేదిక మీద చర్చకు రండి అని. రాహుల్ రెడీ అన్నారు. ప్రధాని నుంచి జవాబు లేదు. బీజేపీ యువమోర్చా మాత్రం తమ నాయకుడు అభినవ్ ప్రకాశ్‌ను పంపుతం అన్నది. అదీ జరగలేదు.

ప్రెస్ క్లబ్బా, అసెంబ్లీనా?

మళ్లీ జూలై 2025కు వద్దాం. రైతులకు ఎవరేం చేశారో చర్చకు రండి అని ముందు సవాల్ చేసింది రేవంత్ రెడ్డే, హైదరాబాద్ ఎల్బీ స్టేడియం మీటింగ్‌లో. కేటీఆర్ దాన్ని తీసుకుని డేట్, టైమ్, ప్లేస్ తనే చెప్పేశారు. కాంగ్రెస్ వాళ్లేమో "క్లబ్బుల్లో కాదు, అసెంబ్లీలో పెడదాం, కేసీఆర్ స్పీకర్‌కు లెటర్ రాయాలె" అన్నరు.

చూస్తున్నరా? ఇద్దరూ డిబేట్‌కు "రెడీ"నే. కానీ ఎవరి గ్రౌండ్‌లో వాళ్లు. ఒకరు ఒప్పుకోకముందే ఇంకొకరు టైమ్ ప్రకటిస్తే అది డిబేట్ షెడ్యూల్ కాదు, ప్రెస్‌మీట్.

మరి అసెంబ్లీ కరెక్ట్ ప్లేసే కదా? ఒకరకంగా అవును. అక్కడ మాట రికార్డ్ అయితది, రూల్స్ ఉంటయి. స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ కూడా మన వికారాబాద్ ఎమ్మెల్యేనే. కానీ ఒక మెలిక ఉంది. సభను పిలిచేది గవర్నర్, అది కూడా మంత్రివర్గం చెప్పినట్టు. రెండు సెషన్ల మధ్య ఆరు నెలలకు మించి గ్యాప్ ఉండొద్దని రాజ్యాంగం చెప్తది, అంతే. అంటే డేట్ చాలావరకు ప్రభుత్వం చేతిలోనే. ఇటు ప్రతిపక్ష నేత కేసీఆర్ సభకు వచ్చిన రోజులు చూస్తే చాలా తక్కువ. పిలిచేవాళ్ల చేతిలో క్యాలెండర్, రావాల్సినవాళ్లు దూరం. ఇంక చర్చ ఎట్లయితది?

డేట్ మూడో మనిషి చేతిలో ఉంటే?

ఢిల్లీ జేఎన్‌యూలో స్టూడెంట్ యూనియన్ ఎన్నికలకు ప్రెసిడెన్షియల్ డిబేట్ ఉంటది. డేట్ పెట్టేది ఏ పార్టీ కాదు, స్టూడెంట్లే నడిపే ఎన్నికల కమిటీ. ప్రెసిడెంట్ పోస్టుకు నిలబడ్డవాళ్లంతా ఒకే స్టేజీ ఎక్కుతరు, అందరికీ ఒకే టైమ్. మెక్సికోలో ఇంకో అడుగు ముందుకేశారు. దేశాధ్యక్ష అభ్యర్థుల మధ్య కనీసం రెండు డిబేట్లు ఎన్నికల సంస్థే పెట్టాలని చట్టం. 2024లో మూడు పెట్టారు.

మన దగ్గర అసలేం లేదా? ఉంది కొంచెం. ఎన్నికలప్పుడు గుర్తింపు పొందిన పార్టీలకు దూరదర్శన్‌లో, ఆకాశవాణిలో ఫ్రీ టైమ్ ఇస్తరు. పార్టీ ప్రతినిధులతో చర్చలు కూడా ఉంటయి. కానీ పెద్ద లీడర్ రావాల్సిన పని లేదు, ఎవరో ఒకరిని పంపితే చాలు.

ఇది మనకెందుకు?

ఎందుకంటే మన దగ్గర ప్రశ్నలున్నయి. లగచర్లలో భూమి తీసుకునుడు ఎవరి కోసం? దామగుండం అడవిలో నేవీ వీఎల్ఎఫ్ స్టేషన్‌తో వచ్చేదేంది, పోయేదేంది? మన తాండూరు కందికి జీఐ ట్యాగ్ వచ్చింది, మరి రైతుకు రేటు వస్తున్నదా? 2025 నవంబర్‌లో తాండూరు నుంచి పోయిన బస్సు చేవెళ్ల దగ్గర టిప్పర్ ఢీకొని మనోళ్లు పోయారు. ఆ రోడ్డు అన్నేండ్లు ఎందుకు ఆగింది? వీటిమీద ఒక లీడర్ చెప్పింది మనం ఒక వీడియోలో వింటం, ఇంకో లీడర్ జవాబు ఇంకో వీడియోలో. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి "మరి దీనికేమంటరు?" అని అడిగే మనిషి ఉండడు. నష్టం అక్కడ.

అందుకే ఇకనుంచి "డిబేట్‌కు సిద్ధం" అన్న రీల్ మీ ఫోన్‌లోకి వచ్చినప్పుడు, షేర్ కొట్టకముందు నాలుగు విషయాలు చూడండి. డేట్‌కు రెండు వైపులా ఒప్పుకున్నరా? పెట్టేది మూడో మనిషేనా? టైమ్, మైక్ రూల్స్ ముందే చెప్పారా? ఒకరు రాకపోయినా ప్రోగ్రాం నడుస్తదా? నాలుగింటికీ "లేదు" అయితే అది డిబేట్ కాదు, డైలాగ్.

మరి మనం చేయగలిగింది ఏంది? చిన్నగా మొదలుపెట్టొచ్చు. మీ వార్డులో, మీ ఊర్లో ఎన్నికలు వచ్చినప్పుడు పది మంది యువకులు కలిసి, ఏ పార్టీ జెండా లేకుండా, అధికారుల పర్మిషన్ తీసుకుని అభ్యర్థులందరినీ ఒకే చోటికి పిలవండి. డేట్ మీరు పెట్టండి. ప్రశ్నలు ముందే రాసిపెట్టుకోండి. అందరికీ తలా ఐదు నిమిషాలు. రానివాళ్ల పేరు మీద కుర్చీ ఖాళీగా ఉంచండి, తిట్టొద్దు, ఎక్కిరించొద్దు. ఆ ఖాళీ కుర్చీని చూసి జనమే అర్థం చేసుకుంటరు.

సర్పంచ్ అభ్యర్థికి ఇది అలవాటైతే, రేపు ఎమ్మెల్యే అభ్యర్థి కూడా రాక తప్పదు. మీ ఊర్లో పిలిస్తే ఫస్ట్ ప్రశ్న ఏం అడుగుతరో ఆలోచించి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.