పండగ భోజనానికి ఏం కట్టుకుందాం?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఉగాది వస్తోందంటే మనకు రెండు దిగుళ్లు. ఒకటి, ఓళిగలకు పూర్ణం జారుగా అయిపోతుందేమోనని. రెండోది, ఆ రాత్రి చుట్టాలంతా భోజనానికి వస్తారు కదా, ఏం కట్టుకోవాలా అని. పూర్ణం సంగతి పక్కింటావిడను అడిగినా చెబుతుంది. చీర సంగతి మాత్రం బీరువా తలుపు తెరుచుకుని నిలబడి మనలో మనమే గొణుక్కుంటాం. అందుకని ఈవేళ ఆ మాటే చెప్పుకుందాం.

మా అనంతపురం వైపు వాళ్లకు ఇది ఉత్త ముచ్చట కాదు సుమండీ. పడమటి కనుమలు వానమబ్బును అవతలే ఆపేస్తాయి కాబట్టి మాకు ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు, అంతే. ఉగాది మార్చిలోనో ఏప్రిల్ లోనో వస్తుంది. అప్పటికే మధ్యాహ్నం గోడ ముట్టుకుంటే చుర్రుమంటుంది. అందుకే మా ఇంట్లో పూజా, పచ్చడీ పొద్దున్నే కానిచ్చి, చుట్టాల భోజనం రాత్రికి పెట్టుకుంటాం. సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లి, చాపలు పరిచి, ఆకులు వేస్తాం. అమావాస్య మరునాడు గనుక వెన్నెల ఉండదు. ఒక్క బల్బు వెలుతురే.

పెళ్లయిన ఆరో ఏడు ఉగాదికి నేను పెళ్లిపట్టుచీర కట్టుకున్నాను. జానెడు జరీ అంచు. "ఇంటి కోడలివి, పట్టు కట్టకపోతే ఎట్లమ్మా" అన్నారు అత్తగారు. వంటింటి నుంచి మిద్దెకు పద్దెనిమిది మెట్లు. ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తిపట్టి, ఇంకో చేత్తో చిత్రాన్నం గిన్నె పట్టుకుని ఎన్నిసార్లు ఎక్కి దిగానో! నాలుగేళ్ల మా పాపకు తొడిగిన నైలాన్ గౌను మెడంతా గీరుకుని, అది ఒకటే ఏడుపు. ఇంతలో ఓళిగ తిప్పుతుంటే కొంగు జారి పొయ్యి మీద పడింది. మా వదిన చూసి ఒట్టి చేతులతో చరిచి ఆర్పింది. చీరకు చిన్న చిల్లు, వదిన అరచేతికి బొబ్బలు. ఆ రాత్రి ఆవిడ ఎడమచేతిని నీళ్ల గిన్నెలో పెట్టుకుని కుడిచేత్తో అన్నం తిన్నది. అది నేను ఇప్పటికీ మరవలేదు.

ఆ రోజు నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఏ చీర బాగుంటుందని మొదట చూడను. ఆ పూట నేను చేయవలసిన పనేమిటి, కూర్చునేది ఎక్కడ, గాలి ఎట్లా ఉంది, ఈ మూడూ చూసుకుంటాను. చీర తరవాత సంగతి.

మొదట పని మాట. పొయ్యి దగ్గర ఉన్నంతసేపు ఉతికి మెత్తబడిన నూలు చీరే కట్టండి. కొంగు నడుం చుట్టూ తిప్పి గట్టిగా దోపుకోండి. చివరి ఓళిగ దిగి, పొయ్యి ఆర్పాక, ముఖం కడుక్కుని పండగ చీర కట్టుకోండి. పది నిమిషాల పని. "అంతలో చుట్టాలు వచ్చేస్తే?" అంటారు. వస్తే రానివ్వండి. వంట చేసే మనిషి నూలు చీరలో కనబడితే చిన్నతనమేమీ లేదు.

పాలియెస్టర్, నైలాన్ చీరలు మాత్రం వంటింట్లోకి వద్దు. నిప్పు తగిలితే ఆ బట్ట కరిగి ఒంటికి అతుక్కుపోతుంది. నూలు కూడా మండుతుంది, అందుకే కొంగు దోపుకోమంటున్నాను. పట్టు మెల్లగా అంటుకుంటుంది. నా చీర చిల్లుతో పోయిందంటే అదే కారణం. ఖర్మకాలి ఎవరికైనా బట్ట అంటుకుంటే పరుగెత్తనివ్వకండి. కింద పడుకోబెట్టి దొర్లించండి, లేదా మందపాటి నూలు దుప్పటి చుట్టండి. తరవాత కాలిన చోట చల్లని నీళ్లు ఇరవై నిమిషాలపాటు ధారగా పొయ్యండి. అతుక్కున్న బట్టను పీకకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

ఇక గాలి మాట. మా వైపు గాలి పొడిగాలి. నూలు చెమటను పీల్చుకుంటుంది, గాలికి ఆరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. నైలాన్ రకాలు చెమట పీల్చవు. పైగా పొడిగాలిలో అవి రాపిడికి కాళ్లకు చుట్టుకుంటాయి. మెట్లెక్కేటప్పుడు ఇది ప్రమాదం. వెంకటగిరి, మంగళగిరి నూలు చీరలు తేలిగ్గానూ ఉంటాయి, జరీ అంచుతో నిండుగానూ ఉంటాయి. మరీ పండగలా కనబడాలంటే గద్వాల చీర ఉంది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. కట్టుకున్నవాళ్లకు నూలు సుఖం, చూసేవాళ్లకు పట్టు కళ. చీర మడమల మీదికి బెత్తెడు ఎత్తుగా కట్టుకుంటే మెట్ల మీద కాలికి అడ్డం రాదు.

అట్లాగని మా ధర్మవరం పట్టును వదిలేస్తామా? ఊరు 2022లో జిల్లాల విభజనతో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, చీర మటుకు మా బీరువాల్లోనే ఉంది! పడుగు ఒక రంగూ, పేక ఇంకో రంగూ వేసి నేస్తారు. దాంతో కదిలినప్పుడల్లా చీర రంగు మారినట్టు కనబడుతుంది. ఒక్క బల్బు వెలుతురులో కూడా ఆ మెరుపు తెలుస్తుంది. వెడల్పు జరీ అంచు చీర పెళ్లిళ్లకు దాచుకోండి. భోజనాల రాత్రికి రెండు వేళ్ల అంచూ, బుటాలు తక్కువగా ఉన్న చీరా ఎంచుకోండి. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దం నాటి బొమ్మలు చూశారా? ఆ ఆడవాళ్ల చీరల మీద గీతలూ, గళ్లూ, పువ్వులూ ఎంత పొందిగ్గా ఉన్నాయో! ఆ నమూనాలను చూసి ఇప్పటికీ చీరలు నేస్తున్నారు.

పట్టు కొనేటప్పుడు రెండు గుర్తులు వేరువేరని తెలుసుకోండి. సిల్క్ మార్క్ ఉంటే అది అచ్చమైన పట్టని అర్థం. చేత్తో నేసిందో, మరమగ్గం మీద నేసిందో అది చెప్పదు. దానికి హ్యాండ్‌లూమ్ మార్క్ చూడాలి. ఇంట్లో ఉన్న చీర మీద అనుమానముంటే కొంగు చివర వేలాడే పోగు ఒకటి తుంచి, చీరకు దూరంగా పళ్లెంలో కాల్చి చూడండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయిపోతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఒక చీర మగ్గం దిగాలంటే నేసే మనిషి ఒక్కడి కష్టం చాలదు. కండెలు చుట్టే ఆడవాళ్ల చేతులు కూడా అందులో ఉన్నాయి. బేరమాడేటప్పుడు ఒకసారి ఆ చేతులను తలుచుకుందాం.

కానీ వానలు పోయి, వేరుశనగ చేతికి రాని ఏడు అప్పు చేసి పట్టు కొనవద్దు. ఉన్న చీరకే కొత్త రంగు రవిక కుట్టించండి, ఎవరూ పాతదనరు.

పిల్లల మాట. ఆడపిల్లలకు నూలు పావడా, నూలు జాకెట్టు. పట్టు పావడా అయితే లోపల మెత్తటి నూలు లైనింగు వేయించండి. అంచు పైన రెండు మడతలు పెట్టి కుట్టిస్తే ఏడాదికొకటి విప్పుకోవచ్చు. మగవాళ్లను బిగుతు ప్యాంటుతో చాప మీద కూర్చోమంటే రెండో ఓళిగకే లేచిపోతారు. పంచె కట్టుకోమనండి.

పెద్దవాళ్ల మాట చివరికి ఉంచాను. మా పెద్దమ్మ, పెదనాన్న పోయినప్పటి నుంచి, పండగ రాత్రి వెలిసిన చీరతో మెట్ల దగ్గరే కూర్చునేది. ఎవరైనా పిలిస్తే, "నాకెందుకులే తల్లీ, మీరు తినండి" అనేది. ఆవిడకు ఏమి ఇష్టమో మేమెవ్వరమూ అడగలేదు. ఒక ఉగాదికి అడిగాను. చాలాసేపు ఊరుకుని, "చిన్న అంచుండే లేత పచ్చ చీర ఉంటే కట్టుకుంటా" అన్నది. వెంకటగిరి నూలు చీర తెచ్చాను. ఆ రాత్రి దాన్ని కట్టుకుని బంతి మధ్యలో కూర్చుని, మా పాపకు ఓళిగ తుంచి పెట్టింది. అత్తగారు ఒకసారి చూసి, ఏమీ అనకుండా, ఆవిడ ఆకులో ఇంకో చెంచా నెయ్యి వేశారు.

నెయ్యి అంటే గుర్తొచ్చింది. పట్టు మీద నెయ్యి పడితే వెంటనే నీళ్లతో రుద్దకండి. ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, పొద్దున దాకా ఉంచి దులపండి. నూలు మీద పసుపు మరకయితే సబ్బుతో ఉతికి ఎండలో వెయ్యండి, ఎండకే వెలిసిపోతుంది. పట్టును మాత్రం నీడనే ఆరవేసి, పాత నూలు గుడ్డలో చుట్టి దాచండి.

ఈ ఉగాదికి బీరువా తెరిచినప్పుడు, "ఎవరేమనుకుంటారో" అని కాక, "ఇది కట్టుకుని నేను కూడా అందరితో కూర్చుని భోంచేయగలనా?" అని అడుక్కోండి. అవునని తోచిన చీరే కట్టుకోండి. అట్లాగే ఇంట్లో మూల కూర్చునే మనిషి ఎవరైనా ఉంటే, వాళ్లనూ ఒక మాట అడగండి.

సెలవు.