ఆపరాని వేగాలు – దూరప్రయాణం చేసే నర్సింగ్ విద్యార్థినుల ఆరోగ్యం

తెనాలి సమీపంలోని ఒక పల్లె నుండి విజయవాడలోని నర్సింగ్ కళాశాలకు ప్రతిదినం వెళ్ళి వచ్చే అమ్మాయి మా బంధువర్గంలో ఉన్నది. తెల్లవారుజామున 4-30కు లేచి, 5-30కు ఆటో ఎక్కి, తెనాలిలో రైలు అందుకొని, విజయవాడలో దిగి మళ్ళీ సిటీ బస్సు పట్టుకొని 8 గంటలకల్లా వార్డులో నిలబడుతుంది. తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి 7-30 అవుతుంది. హాస్టలు ఖర్చు భరించలేక కొందరు, ఇంట్లో పెద్దవారికి తోడుగా ఉండవలసి వచ్చి కొందరు ఈ విధంగానే చదువు సాగిస్తున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం కల్పించడంతో ఛార్జీల భారం కొంత తగ్గింది. కూర్చునేందుకు చోటు మాత్రం కరవైంది!

రెండవ సంవత్సరంలో ఆమెకు ఉన్నట్టుండి చలితో కూడిన జ్వరం, మూత్రంలో మంట, నడుముకు ఒక ప్రక్కన తీవ్రమైన నొప్పి వచ్చాయి. మూత్రనాళంలోని ఇన్ఫెక్షన్ మూత్రపిండం వరకు ప్రాకిందని పరీక్షలలో తేలింది. పది రోజులు మంచం పట్టింది. తప్పిన వార్డు డ్యూటీలను సెలవుల్లో పూర్తి చేయవలసి వచ్చింది. "రోజుకు ఎన్ని గ్లాసుల నీరు త్రాగుతావమ్మా?" అని డాక్టరుగారు అడిగితే, "ఉదయం అర గ్లాసు, మళ్ళీ ఇంటికి వచ్చాకనే" అన్నదట. దారిలో ఎక్కడా వాడదగిన మరుగుదొడ్డి లేదు గనుక అసలు నీరే త్రాగకుండా ఉండడం అలవాటు చేసుకున్నది. వార్డులో రోగి ఎంత నీరు త్రాగాడో, ఎంత మూత్రం విసర్జించాడో మిల్లీలీటర్లతో సహా చార్టులో వ్రాసే పిల్ల ఈమె!

దూరప్రయాణం అనగానే కాళ్ళనొప్పులు, అలసట మనకు స్ఫురిస్తాయి. అవి విశ్రాంతితో తగ్గేవే. ఈ పిల్లలను లోలోపల క్రుంగదీసేది వేగధారణం, అనగా శరీరం చేసే సహజమైన హెచ్చరికలను అణచిపెట్టడం. చరక సంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం ఈ విషయానికే కేటాయించబడింది. ఆపరాని వేగాలు పదమూడు అని అందులో చెప్పబడింది. మూత్రం, మలం, ఆకలి, దాహం, నిద్ర ఆ పదమూడింటిలోనివే. మూత్రవేగాన్ని ఆపితే పొత్తికడుపులో నొప్పి, మూత్రం కష్టంగా రావడం, తలనొప్పి కలుగుతాయని చరకుడు పేర్కొన్నాడు. నీరు తక్కువగా త్రాగి, మూత్రాన్ని గంటల తరబడి ఆపుకొంటే ఇన్ఫెక్షన్‌కు అవకాశం పెరుగుతుందని నేటి వైద్యులూ హెచ్చరిస్తున్నారు.

కనుక ముందుగా సరిచేసుకోవలసినది నీరు త్రాగే వేళలను. కళాశాలకు చేరిన వెంటనే రెండు గ్లాసులు, మధ్యాహ్న భోజనానికి అర గంట ముందు రెండు, 3 గంటల ప్రాంతంలో ఒకటి త్రాగాలి. బయలుదేరే ముందు అవసరం ఉన్నా లేకపోయినా మూత్రవిసర్జన చేసి రావాలి. దారిలో దాహమైతే గుక్కెడు చొప్పున త్రాగాలేగాని మానరాదు. మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే నీరు చాలినట్లు, ముదురు పసుపుగా ఉంటే చాలనట్లు. వేసవిలో ఒక చెంచా ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, రాత్రి గ్లాసు నీటిలో నానబెట్టి, ఉదయం వడగట్టి కొద్దిగా పటికబెల్లం కలిపి ఇవ్వవచ్చును. బార్లీ నీరు, పలుచని మజ్జిగ కూడా మంచివే. అయితే చలిజ్వరం, నడుము ప్రక్కన నొప్పి, మూత్రంలో రక్తం కనిపిస్తే చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే వైద్యునికి చూపించాలి. బహిష్టు దినాలలో ప్రయాణాన్ని సాకుగా తీసుకొని ఒకే నాప్‌కిన్‌తో దినమంతా గడపడం కూడా ప్రమాదమే. 4 నుండి 6 గంటలకొకసారి మార్చుకొనవలెను.

ఇక ఆకలి. ఉదయం 5 గంటలకు ఏ పిల్లా ఇడ్లీలు తినలేదు. తల్లులు బలవంతపెట్టినా ప్రయోజనం లేదు. ఒక గ్లాసు రాగిజావ త్రాగించి, డబ్బాలో రెండు చిమ్మిలి ఉండలో, ఒక సున్నుండో పెట్టి పంపితే రైలులో కూర్చున్నాక తింటుంది. మధ్యాహ్నానికి పెరుగన్నం పులిసిపోతున్నదని చాలామంది గృహిణుల ఫిర్యాదు. తెల్లవారుజామున మెత్తని అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, అర చెంచా పెరుగు తోడు వేసి, అల్లం, కరివేపాకు, దానిమ్మ గింజలు కలిపి సర్దండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకొని ఉంటుంది.

రక్తహీనత సంగతి కూడా మరువరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మెట్లు ఎక్కితే ఆయాసం, బస్సులో నిలబడితే కళ్ళు తిరగడం ఉంటే అది ప్రయాణపు అలసటే అని త్రోసివేయక హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాములకు తక్కువైతే వైద్యుని సలహాపై ఐరన్ మాత్రలు వాడాలి. నువ్వులు, బెల్లం, మునగాకు ఆహారంగా మంచివేగాని, మాత్రలకు బదులు కాజాలవు. భోజనంతోపాటు టీ త్రాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు. నిమ్మరసమో, ఉసిరికాయ పచ్చడో ఉంటే బాగుగా ఒంటబడుతుంది.

రాత్రి ఇంటికి రాగానే రికార్డులు ముందేసుకొని కూర్చోనీయకండి. గోరువెచ్చని నీటితో పాదాలు కడిగించి, నువ్వులనూనెను అరికాళ్ళకు, పిక్కలకు పది నిమిషాలు మర్దన చేయాలి. పాదాభ్యంగం వలన పాదాల అలసట, తిమ్మిరి, గరుకుతనం తొలగుతాయని చరకుని వాక్యం. పిమ్మట కాళ్ళను గోడకు ఆనించి ఎత్తుగా పెట్టి కాసేపు పడుకుంటే నిలువుకాళ్ళ ఉద్యోగం వలన వచ్చే వాపు దిగుతుంది. నూనె పాదాలతో నేలమీద నడిస్తే జారిపడగలరు. గుడ్డతో తుడవడం మరువకండి.

నైట్ డ్యూటీ పడిన వారాల్లో అలవాటులేని జాగరణ చేసినవారు, మేల్కొన్న కాలంలో సగభాగం మరునాడు ఉదయం ఏమీ తినకముందే నిద్రించాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో విధించాడు. వాగ్భటునికి విజయవాడ నుండి తెనాలికి రైలు ప్రయాణం లేదు గదా! ఆకలిని అణచుకోవడమూ తప్పేనని పైన చెప్పుకున్నాము. కనుక ఇల్లు చేరాక ఒక గ్లాసు గోరువెచ్చని పాలు మాత్రం త్రాగించి, గది చీకటి చేసి పడుకోబెట్టండి. కాలింగ్ బెల్లు, కుక్కరు కూత వినిపించకుండా తలుపు వేయండి. వీలైతే సగభాగం కంటే ఎక్కువసేపే నిద్రపోనీయండి. లేచిన తరువాతనే భోజనం వడ్డించండి.