ఇసుక సంచుల సాక్ష్యము

కాగితముపై లెక్క సరిపోయినంత మాత్రమున విమానము గాలిలోనికి లేవదు. 1903వ సంవత్సరమున రైటు సోదరులు తమ విమానమునకు చేసిన పరీక్షలు ఈ సత్యమునకు నిదర్శనములు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, డేటన్ నగరమందు విల్బర్, ఆర్విల్ అను ఈ అన్నదమ్ములకు సైకిళ్ల దుకాణ మొకటి యుండెను. 1902లో ఇంజను లేని గ్లైడరుపై ఎగిరి, దానిని అదుపులో నుంచుట నేర్చిన పిమ్మట వారికి రెండు వస్తువులు కావలసివచ్చెను. ఒకటి తేలికైన ఇంజను. రెండవది ఆ శక్తితో గాలిని వెనుకకు నెట్టు ప్రొపెల్లరు.

కోరిన ఇంజను ఏ కర్మాగారమునందును దొరకలేదు. దుకాణములోని పనివాడు చార్లీ టేలరు ఆరు వారములలో దానిని తయారుచేసెను. ఫిబ్రవరిలో పరీక్షించుచుండగా అది పగిలెను, మరల పోతపోయించిరి. అది మొదటి కొద్ది సెకనులు 16 అశ్వశక్తుల నిచ్చి, వేడెక్కగానే సుమారు 12కు దిగెడిది. నమ్మదగినది ఆ 12 మాత్రమే.

ప్రొపెల్లరు సంగతి మరింత కఠినము. ఓడల ప్రొపెల్లర్లకైనను సరియైన సిద్ధాంతము గ్రంథములలో కానరాలేదు. అన్నదమ్ములు గంటల తరబడి వాదించుకొని, తుదకు ఒకరి పక్షమునకు మరొకరు మారిపోయెడివారట! ప్రొపెల్లరనగా గుండ్రముగా తిరుగు రెక్కయే యని వారు నిశ్చయించి, ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లను రెంటిని కొయ్యతో చెక్కిరి. ఇంజను శక్తిని వానికి అందించునవి సైకిలు గొలుసుల వంటి గొలుసులు.

నవంబరులో సోదరులు కిటీహాకు సమీపమున, సముద్రతీరపు ఇసుకదిబ్బల నడుమ విడిదిచేసియుండగా ఆక్టేవ్ షనూట్ వారిని చూడవచ్చెను. ఆయన వయోవృద్ధుడు, ప్రఖ్యాత ఇంజనీరు, వారికి హితుడు. గొలుసులలో ఎంత శక్తి నష్టమగునని లెక్కవేసితిరని ఆయన అడిగెను. 5 శాతమని వారు చెప్పిరి. ఇంజనీర్లు 20 శాతము విడిచిపెట్టుట వాడుకయని ఆయన పలికెను. అప్పటికే విమానపు బరువు అంచనాను మించి 700 పౌన్లు దాటియుండెను. పెద్దాయన మాటయే నిజమైనచో ఏండ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే!

ఇంజను నడిపి చూతమన్న, ప్రొపెల్లర్ల ఇరుసులు చెడి మరమ్మతుకై డేటనుకు పోయియుండెను. సోదరులు పెద్దాయనతో వాదింపలేదు. ఆయన మాటను అట్లే శిరసావహింపనులేదు. ఆయన వెళ్లిన పిమ్మట ఒక గొలుసును పళ్లచక్రముపై వేసి, రెండు కొనలకు ఇసుక సంచులు వ్రేలాడగట్టిరి. బావి గిలకపై రెండు వైపుల సమానమైన బరువున్నచో చేంతాడు కదలదు. ఒకవైపు కొంత అదనముగా వేసినగాని రెండవ బరువు పైకి లేవదు. ఆ అదనమే రాపిడికి చెల్లించు సుంకము. దానిని కొలిచి చూడగా నష్టము 5 శాతమే!

అయినను వారి మనస్సు కుదుటపడలేదు. ఇరుసులు తిరిగివచ్చిన పిదప ఇంజను నడుపగా పళ్లచక్రములు వదులై జారెను. సైకిలు టైర్లను అంటించు జిగురును కరిగించి మరలలో పోసి బిగించిరి. అప్పుడు ప్రొపెల్లర్లు నిమిషమునకు సుమారు 350 చుట్లు తిరిగి, 130 పౌన్లకు మించిన త్రోపుడు నిచ్చెను. కావలసినదానికంటె అది ఎక్కువ. మరల ఇరుసు బీటవారగా, ఆర్విల్ డేటనుకు పోయి గట్టి ఉక్కు ఇరుసులను చేయించి తెచ్చెను.

డిసెంబరు 17న ఆర్విల్ 12 సెకనులలో 120 అడుగులు ఎగిరెను. నాటి నాలుగవ పర్యాయమున విల్బర్ 59 సెకనులు గాలిలో నిలిచి 852 అడుగులు సాగెను.

షనూట్ చెప్పిన అంకె ఆ యంత్రమునకు పొసగలేదు. కాని ఆయన ప్రశ్నయే లేకున్న ఆ ఇసుక సంచులు వ్రేలాడియుండవు. పెద్దల సందేహమును త్రోసిపుచ్చక, గ్రుడ్డిగా నమ్మక, తూచి చూచుటయే దానికి చేయదగిన నిజమైన గౌరవము. తరగతిలో ఒక బాలుడు “ఐదే యెందుకు?” అని అడిగిననాడు, ఉపాధ్యాయుని చేతిలో ఒక గిలక, రెండు ఇసుక సంచులు ఉన్నచో చాలును.