ఉభాల కాలంలో తల్లిపాలు: రాజాం ప్రాంత యువతుల అవగాహన, ఆచరణ

ఆవు ఈనిన రెండు గంటలలోపు దూడకు ముర్రుపాలు పట్టాలి. తొలి 24 గంటలలో దూడ బరువులో సుమారు పదో వంతు పాలు అందాలి. పశుపోషణలో ఇది మొదటి పాఠం. రాజాం పరిసరాల్లో పాడి ఉన్న ఇంట పెరిగిన యువతికి దీనిని వేరుగా బోధించనక్కరలేదు. అదే యువతి తల్లి అయినప్పుడు మాత్రం శిశువు నోటికి ముందుగా పంచదార నీళ్ళో, తేనెయో, గాడిదపాలో అందించడం మన గ్రామాల్లో ఇంకా కనిపిస్తుంది.

దూడకు, శిశువుకు ఒక భేదం ఉన్నది. ఆవులో ప్రతిరక్షకాలు మావి ద్వారా దూడకు చేరవు. ముర్రుపాలే దానికి దిక్కు. మానవ శిశువుకు కొన్ని ప్రతిరక్షకాలు గర్భంలోనే అందుతాయి. అయితే పేగుల లోపలి పొరను సూక్ష్మజీవుల నుండి కాపాడేవి ముర్రుపాల ద్వారానే వస్తాయి. కనుక అవసరం రెండింటికీ ఒకటే.

ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో 88.6 శాతం ప్రసవాలు ఆరోగ్య సంస్థల్లో జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు మాత్రం 41.8 శాతమే. ఆరు నెలలలోపు శిశువుల్లో తల్లిపాలు మాత్రమే తాగుతున్నవారు 63.7 శాతం. శస్త్రచికిత్స ప్రసవాలు ఈ అంతరానికి కొంత కారణం కావచ్చు. గ్రామాల్లో మాతో మాట్లాడిన యువతులలో పలువురు ‘ఆరు నెలల వరకు తల్లిపాలే’ అన్న మాటను తడుముకోకుండా చెప్పారు. తెలిసిన విషయం ఆచరణలో ఎక్కడ సడలుతున్నదన్నదే అసలు ప్రశ్న.

మొదటిది, ‘పాలు పడలేదు’ అన్న సందేహం. తొలి రెండు మూడు రోజులు ముర్రుపాలు చెంచాలలో కొలిచేంతే వస్తాయి. తొలిరోజున శిశువు ఒక్కొక్కసారి తాగగలిగేదీ అంతే. ఈ సంగతి ముందే తెలియని చిన్న వయసు తల్లి, ఇంటి పెద్దలు తొందరపడితే డబ్బాపాలకు ఒప్పుకుంటుంది. శిశువు చీకిన కొద్దీ పాలు ఊరుతాయి. డబ్బాపాలతో ఆకలి తీరితే చీకడం తగ్గుతుంది, ఊరే పాలూ తగ్గుతాయి. అప్పుడు సందేహమే నిజమవుతుంది. వేసవిలో నీళ్ళు పట్టడమూ ఇటువంటిదే. తల్లిపాలలో సుమారు 87 శాతం నీరే గనుక ఆరు నెలల వరకు వేరే నీరు అక్కరలేదు.

రెండవది పొలం పని. ఆగస్టు 1 నుండి 7 వరకు తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. సరిగా అప్పుడే మడ్డువలస నీరు పారే మడులలో వరి ఉభాలు ముమ్మరంగా సాగుతుంటాయి. మూడు నాలుగు నెలల బిడ్డ తల్లి ఉదయం ఆకుతీతకు దిగితే మధ్యాహ్నం వరకు ఇంటికి చేరదు. 2017 సవరణ చట్టం ఇచ్చిన 26 వారాల వేతన సెలవు ఆమెకు వర్తించదు. పాలు తీయక రొమ్ములు గట్టిపడతాయి. కొన్ని రోజులు ఇలాగే సాగితే పాలు తగ్గుతాయి. ఇది ఆమె వైఖరిలోని లోపమని నేను భావించను.

పనికి వెళ్ళే ముందు శుభ్రమైన చేతులతో, మరిగించి ఆరబెట్టిన స్టీలు గిన్నెలోకి పాలు పిండి, మూతపెట్టి చల్లని చోట ఉంచవచ్చు. 25 డిగ్రీల వరకు అవి నాలుగు గంటలు నిలువ ఉంటాయి. మన ఉక్కపోతలో ఇంకా ముందే వాడటం మేలు. సీసాతో కాక ఉగ్గుగిన్నెతో పట్టాలి. నాటిన 3–5 రోజులకు ఇసుకలో కలిపి చల్లే కలుపుమందు పనికి పాలిచ్చే తల్లిని పంపరాదు. మందు తగిలితే స్నానం చేసి, చీర మార్చిన తరువాతే బిడ్డను ఎత్తుకోవాలి.

ఉపాధి హామీ పనుల్లో చిన్న పిల్లలు ఐదుగురు ఉంటే, వారిని చూసేందుకు ఒక స్త్రీని నియమించాలన్న నిబంధన పెట్టారు. సొంత పొలాల ఉభాలకు అటువంటిది లేదు. ఎకరానికింత అని గుత్తకు నాటే జట్టులో ఒకరు గట్టు మీద పిల్లల దగ్గర ఉండి, కూలి సమానంగా పంచుకునేటట్లు రైతు, జట్టు పెద్ద ముందే మాట్లాడుకోవచ్చు. మన విస్తరణ సిబ్బంది నారు వయసు, కుదుళ్ళ మధ్య దూరం చెప్పే జూలై సమావేశంలోనే ఈ మాటా చెప్పాలి.