స్తూపమా, హాలా?

బస్ షెల్టర్ మీదో, గుళ్లో ఫ్యాన్ రెక్కల మీదో "ఫలానా వారి జ్ఞాపకార్థం" అని రాసి ఉండటం మనందరం చూసే ఉంటాం. పోయినవాళ్ల పేరున పదిమందికి పనికొచ్చేది ఇవ్వడం మనకి అలవాటే. న్యూజిలాండ్ పల్లెల్లో కనిపించే వార్ మెమోరియల్ హాళ్ల వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. కాకపోతే ఎక్కువ ఊళ్లు అక్కడిదాకా రావడానికి రెండు యుద్ధాలు పట్టింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ చిన్న దేశం సుమారు 18,000 మందిని పోగొట్టుకుంది. మృతదేహాలని ఇళ్లకి పంపకూడదని అప్పట్లో నియమం. కొడుకు సమాధి గల్లిపోలిలోనో ఫ్రాన్స్‌లోనో ఉంటే, ఓడలో నెల పైగా ప్రయాణం చేసి చూసొచ్చే స్తోమత ఎంతమందికి ఉంటుంది? అందుకే ఊరి మధ్యలో పేర్లు చెక్కిన స్తూపమే వాళ్లకి సమాధి అయ్యింది. దాని బదులు హాలు కట్టుకుందాం అన్నవాళ్లూ ఉన్నారు. కానీ డాన్సులు ఆడే చోట చనిపోయినవాళ్లని తలుచుకోవడమేంటని చాలామంది ఒప్పుకోలేదు.

రెండో యుద్ధంలో ఇంకో 12,000 మంది దాకా పోయారు. ఈసారి ఆలోచన మారింది. ఊరివాళ్లు ఒక పౌండు పోగుచేస్తే తానూ ఒక పౌండు ఇస్తానని 1946లో ప్రభుత్వమే ముందుకొచ్చింది. అయితే కట్టేది జనానికి ఉపయోగపడాలి. వీటికి "లివింగ్ మెమోరియల్" అని పేరు. అలా ఎన్నో ఊళ్లలో హాళ్లు లేచాయి. లోపల స్టేజీ, చెక్క ఫ్లోరు, వంటగది. గుమ్మం దగ్గర పేర్ల బోర్డు. పెళ్లిళ్లు, మీటింగులు, బ్యాడ్మింటన్ అన్నీ అక్కడే.

సమస్య తర్వాత మొదలైంది. స్తూపానికి కరెంటు బిల్లు రాదు, హాలుకి వస్తుంది. పైకప్పు కారుతుంది. కుర్రాళ్లు సిటీలకి వెళ్లిపోతే చందా ఇచ్చేవాళ్లు తగ్గిపోతారు. పైగా అది భూకంపాల దేశం. బలహీనమైన పాత భవనాలని గట్టిపరచాలి, లేదా కూల్చేయాలి అని 2016లో వచ్చిన చట్టం చెప్పింది. ఆ ఖర్చు చిన్న ఊరు మోయగలదా? మరి హాలు పోతే ఆ పేర్ల బోర్డు ఎక్కడ పెట్టాలి?

అంటే స్తూపమే కావాలన్నవాళ్ల మాటలోనూ కొంత నిజం ఉందన్నమాట. అయినా నా ఓటు హాలుకే. స్తూపం దగ్గరికి జనం ఏడాదికోసారి పనిగట్టుకుని వెళ్తారు. హాలులో అయితే షటిల్ ఆడటానికొచ్చిన పిల్లాడు కూడా ఆ పేర్ల పక్కనుంచే లోపలికెళ్లాలి. ఏదో ఒకరోజు ఆగి చదువుతాడు.

మనం కూడా ఈసారి బస్సు లేటైతే, షెల్టర్ మీద ఉన్న పేరు ఎవరిదో అక్కడి పెద్దాయన్ని ఒకసారి అడుగుదాం.