యుద్ధం వేళ ఓటు: విశ్వాసి అడగవలసిన ప్రశ్నలు

యుద్ధం జరిగిన ఏడాదిలోనే ఎన్నిక కూడా వస్తే ఓటరు ఇరుకున పడతాడు. ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తే సైనికుణ్ణి అవమానించినట్టేనా? సైనికుణ్ణి గౌరవిస్తే అధికారంలో ఉన్నవారికి ఓటు వేయవలసిందేనా? మతం పేరిట రాజకీయం వద్దని, అల్పసంఖ్యాకుల హక్కులు నిలవాలని, పాలకులను నిలదీసే స్వేచ్ఛ ఉండాలని కోరుకునేవారిని ఉదారవాదులు అంటున్నాం. మన సంఘాల్లో అలాంటి ఓటర్లు చాలామంది ఉన్నారు. ఈ ప్రశ్నలు ఎక్కువగా నలిపేది వారినే. పాతబస్తీలో ముస్లిం, హిందూ పొరుగువారి నడుమ జీవించే విశ్వాసులకైతే ఇవి ఇంటి గుమ్మంలోని ప్రశ్నలు.

ఏ పార్టీకి ఓటు వేయాలో చెప్పడం ఈ పేజీ పని కాదు. యుద్ధం నీడలో ఓటు వేయవలసి వచ్చినప్పుడు మనస్సాక్షిని ఎలా కాపాడుకోవాలో ఆలోచించడమే మా ఉద్దేశం.

1999 నేర్పిన పాఠం

1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మధ్యంతర ఎన్నికలు తప్పలేదు. అవి రాకముందే మే నెలలో కార్గిల్ పోరు మొదలై జూలై చివరి వరకు సాగింది. అధికారిక లెక్కల ప్రకారం 527 మంది భారత సైనికులు ప్రాణాలు అర్పించారు. సెప్టెంబరు 5 నుంచి అక్టోబరు 3 వరకు దేశం విడతలవారీగా ఓటు వేసింది.

ఆ 527 మందిలో మన హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య ఒకరు. ద్రాస్ ప్రాంతంలో జూన్ 28న రెండవ రాజ్‌పుతానా రైఫిల్స్ దళాన్ని నడిపిస్తూ ఆయన మరణించారు. అదే పోరులో, అదే దళంలో నేలకొరిగిన మరో యువ అధికారి నైకెఝాకువో కెంగురూస్, నాగాలాండ్ క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. ఇద్దరికీ మహావీర చక్ర ప్రకటించారు. అదే నెల మొదట్లో తుర్తుక్ వద్ద కెప్టెన్ హనీఫుద్దీన్ ప్రాణమిచ్చి వీర చక్ర పొందాడు. హిందువు, క్రైస్తవుడు, ముస్లిం ఒకే నెలలో ఒకే దేశం కోసం మరణించారు. వారి త్యాగాన్ని ఏ ఒక్క పార్టీ, ఏ ఒక్క మతం తన ఖాతాలో రాసుకోజాలదు.

ఇక ఫలితాలు చూడండి. 1998లో భారతీయ జనతా పార్టీకి 182 స్థానాలు వచ్చాయి. యుద్ధం గెలిచిన తరువాత కూడా సరిగ్గా 182 స్థానాలే వచ్చాయి. పొత్తుల బలంతో కూటమికి మెజారిటీ దక్కింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 29, దాని మిత్రపక్షమైన భాజపాకు 7, కాంగ్రెస్‌కు 5 స్థానాలు దక్కగా, పాతబస్తీ ఉన్న హైదరాబాద్ స్థానంలో సలావుద్దీన్ ఒవైసీ మళ్లీ గెలిచారు. ఒకే యుద్ధం జరిగింది, కాని ఊరూరా తీర్పు వేరుగా వచ్చింది. ఓటరు యుద్ధం ఒక్కటే చూసి ఓటు వేస్తాడనుకోవడం నాయకుల భ్రమ.

నియమం ఉంది, నిగ్రహం కావాలి

2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు బలయ్యారు. ఫిబ్రవరి 26న బాలాకోట్ దాడి జరిగింది. ఏప్రిల్ 11న మన రెండు రాష్ట్రాల్లో పోలింగ్. సైనికుల ఫొటోలను ప్రచారంలో వాడవద్దని ఎన్నికల సంఘం మార్చి 9న పార్టీలకు చెప్పింది. అయినా ఏప్రిల్ 9న లాతూర్ సభలో ప్రధానమంత్రి, మొదటిసారి ఓటు వేసే యువత తమ ఓటును బాలాకోట్ వీరులకు, పుల్వామా అమరులకు అంకితం చేయగలరా అని అడిగారు. అది నియమావళికి విరుద్ధం కాదని ఎన్నికల సంఘం తేల్చింది. ముగ్గురు సభ్యుల్లో ఒకరు విభేదించారని పత్రికల్లో వచ్చింది. మతం పేరిట ఓటు అడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అవినీతి చర్య. అయినా ఆ పని ఎన్ని మారువేషాల్లో జరుగుతుందో మనకు తెలుసు. చట్టం చేయలేని చోట ఓటరే నిగ్రహం చూపాలి.

పాతబస్తీ పక్కనే యుద్ధం

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపారు. మృతుల్లో కావలికి, విశాఖపట్నానికి చెందినవారు ఉన్నారు. ఒక క్రైస్తవుడు ఉన్నాడు. గుర్రం నడుపుకొని బతికే స్థానిక ముస్లిం యువకుడూ ఉన్నాడు. ఆ శుక్రవారం హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ చేతికి నల్ల బ్యాడ్జీ కట్టుకొని నమాజుకు వెళ్లారు. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. అదే సాయంత్రం నాలుగు గంటలకు కంచన్‌బాగ్ రక్షణ పరిశోధన సంస్థల ప్రాంగణంతో సహా నగరంలో నాలుగు చోట్ల సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు. చాంద్రాయణగుట్ట పక్కనే ఉన్న కంచన్‌బాగ్‌లో క్షిపణులు తయారవుతాయి. అక్కడ పనిచేసేవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. తరువాత విదేశాలకు వెళ్లి భారత్ వాదన వినిపించిన అఖిలపక్ష బృందాల్లో ఒకదానిలో ఒవైసీ కూడా ఉన్నారు.

అయినా ప్రతి యుద్ధం తరువాత పాతబస్తీ ముస్లిం ఒక్కడే తన దేశభక్తిని రుజువు చేసుకోవలసి వస్తోంది. అతని పక్కింటి క్రైస్తవుణ్ణి ఆ ప్రశ్న ఇవాళ అడగకపోవచ్చు. పొరుగువాణ్ణి అడుగుతుంటే మౌనంగా ఉన్న సంఘం, రేపు తన వంతు వచ్చినప్పుడు ఎవరిని తోడు పిలుస్తుంది?

వాక్యం ఏమంటోంది?

తమను చేర్చుకోని సమరయుల గ్రామం మీద ఆకాశం నుంచి అగ్ని కురిపించమంటావా అని యాకోబు, యోహాను అడిగినప్పుడు ప్రభువు వారినే గద్దించాడు (లూకా 9). సిరియా సైన్యం చేతికి చిక్కినప్పుడు వారిని కొట్టనా అని ఇశ్రాయేలు రాజు అడిగితే, వారికి భోజనం పెట్టి పంపమన్నాడు ఎలీషా. ఆ దండులు మళ్లీ ఆ దేశం మీదికి రాలేదు (2 రాజులు 6). అధికారుల కొరకు ప్రార్థించమని పౌలు చెప్పాడు (1 తిమోతి 2). ఆ ప్రార్థన గురి మనమంతా నెమ్మదిగా బతకడమే. పాలకుల కొరకు ప్రార్థించేవాడు వారిని ప్రశ్నించే బాధ్యత నుంచి తప్పుకున్నట్టు కాదు. నాతాను దావీదును ప్రశ్నించలేదా?

అందుచేత పోలింగ్ బూత్‌కు వెళ్లే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం.

మొదటిది: ఈ అభ్యర్థి యుద్ధం గాక మరి దేనికి లెక్క చెబుతున్నాడు? ఉస్మానియా ఆసుపత్రి వార్డుల్లోకి వాన నీళ్లు వచ్చాక 2020లో పాత భవనాన్ని మూసేశారు. గోషామహల్‌లో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. ఈ మధ్య కాలంలో పేద రోగి పడిన అవస్థకు జవాబు ఏ సరిహద్దులోనూ దొరకదు.

రెండవది: ఈ ప్రసంగం నా పొరుగువాణ్ణి అనుమానించమంటోందా? అంటుంటే, అది ఏ జెండా కింద వచ్చినా తిరస్కరించాలి.

మూడవది ఉదారవాదులు తమను తామే అడుగుకోవలసినది: యుద్ధ నినాదాల మీద విసుగుతో సైనికుని తల్లి కన్నీటిని కూడా తేలిగ్గా తీసుకుంటున్నామా? పూంచ్‌లో ఫిరంగి గుండ్లకు బలైన పసిపిల్లల కొరకు, సరిహద్దు అవతల చనిపోయిన అమాయకుల కొరకు ఒకే గుండెతో ఏడ్వగలుగుతున్నామా? పాలకులను ద్వేషించడమే న్యాయమనుకుంటే మనమూ యాకోబు, యోహానుల వరుసలోనే నిలబడతాం.

మీరున్న పట్టణపు క్షేమాన్ని వెదకమని బబులోను చెరలో ఉన్నవారికి యిర్మియా రాశాడు (29వ అధ్యాయం). మన పట్టణం హైదరాబాద్. ఈ ఆదివారం మన సంఘాల్లో సైనికుల కుటుంబాల కొరకు, పాలకుల కొరకు, పాతబస్తీలో మన ముస్లిం, హిందూ పొరుగువారి కొరకు పేరుపేరునా ప్రార్థిద్దాం. ఓటు వేసే రోజున ఆ పేర్లను మరువకుందాం. సమాధానకర్తయగు దేవుడు మన నగరాన్ని కాచి కాపాడును గాక.