పంచాయతీ ఉద్యోగులకు పునశ్చరణ శిక్షణ

పంచాయతీ చేయు సేవలలో రక్షిత మంచినీటి సరఫరా ముఖ్యమైనది. ఆ నీటి మంచిచెడ్డలు ట్యాంకు కట్టడముపైననే గాక, ప్రతిదినము బ్లీచింగ్ పౌడరు కలుపు ఉద్యోగి నేర్పుపైన గూడ ఆధారపడియున్నవి. పనిలో చేరినప్పుడు ఒకసారి నేర్చుకొన్నది చాలునని మనము సాధారణముగా తలంచుచుందుము. అది ఎంతవరకు సరియో విచారింతము.

తాజా బ్లీచింగ్ పౌడరులో నూటికి సుమారు 33 పాళ్లు పనిచేయు క్లోరిను ఉండును. గాలి, వెలుతురు, తేమ తగిలినకొలది ఆ బలము తగ్గును. 10,000 లీటర్ల నీటికి, లీటరు 1కి 2 మిల్లీగ్రాముల చొప్పున, 20 గ్రాముల క్లోరిను కావలెననుకొందము. తాజా పౌడరైనచో సుమారు 60 గ్రాములు చాలును. నిలువయుండి బలము 15 పాళ్లకు దిగిన పౌడరైనచో 130 గ్రాములకు పైగా కావలెను. ఏండ్ల తరబడి ఒకే డబ్బాతో కొలిచి పోయు ఉద్యోగి తన పనిని శ్రద్ధతోనే చేయుచుండవచ్చును. ఐనను నీటిలోని రోగక్రిములు చావకపోవచ్చును. గ్రామములో అతిసారము వ్యాపింపవచ్చును. ఇది సోమరితనము వలన గాక, తెలియకపోవుట వలన కలుగు లోపము.

పౌడరును తిన్నగా ట్యాంకులో చల్లరాదు. బకెట్టు నీటిలో కలిపి, సున్నము అడుగున పేరుకొనిన పిమ్మట పైతేటను మాత్రమే పోయవలెను. అరగంటయైన గడచిన తరువాతనే నీరు వదలవలెను. చిట్టచివరి కొళాయి వద్ద పరీక్షించి, లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియున్నట్లు చూచుకొనవలెను.

పరీక్షా పద్ధతులును మారుచుండును. పసుపురంగు నిచ్చు ఆర్థోటోలిడిన్ ద్రావణము చాలకాలము వాడుకలో నుండెను. ఆ రసాయనము ఆరోగ్యమునకు హానికరమని తేలినందున, గులాబిరంగు నిచ్చు డి.పి.డి. పరీక్ష మేలని నిపుణులు చెప్పుచున్నారు. వెనుకటి శిక్షణతోనే సరిపెట్టుకొన్న ఉద్యోగికి ఈ మార్పు ఎట్లు తెలియును?

శిక్షణావసరమును మన దేశము ముందే గుర్తించినది. 1952లో సమాజ వికాస పథకము ఆరంభమైనప్పుడు గ్రామసేవకులకు శిక్షణ నిచ్చియే గ్రామములకు పంపిరి. 1958లో ముస్సోరీలో నెలకొల్పబడిన కేంద్ర సంస్థయే నేడు హైదరాబాదులోని రాజేంద్రనగరమున జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థగా నున్నది. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పు ఏర్పాటు కలదు.

“ఆపరేటరు శిక్షణకు పోయినచో ఆ దినములలో నీరు వదలువారెవరు?” అని సభ్యులు అడుగుట సహజమే. అందులకే ప్రతి పనికి రెండవ మనిషిని గూడ తయారుచేసి యుంచవలెను. జబ్బు చేసినప్పుడును అతడే అక్కరకు వచ్చును. శిక్షణ పొంది వచ్చిన ఉద్యోగిచే పంచాయతీ సమావేశములో తాను నేర్చినది చెప్పించవలెను. తాజా పౌడరు, పరీక్షా సామగ్రి, పరీక్షా ఫలితములు వ్రాయుటకు పుస్తకము ఇయ్యవలెను. ఇవి లేనిచో నేర్చిన విద్య నెల తిరుగకుండనే మరుగునపడును.

కార్యదర్శి లెక్కలకును, పారిశుద్ధ్య కార్మికుని పనికిని, వీధిదీపముల మరమ్మతుకును ఈ మాటయే వర్తించును. కావున రాబోవు సమావేశములో మన ఉద్యోగులలో ఎవరు ఏ సంవత్సరమున కడపటిసారి శిక్షణ పొందిరో ఒక పట్టిక వ్రాయింతము. ఆ పట్టికలో ఖాళీగా నున్న గడులే మనము ముందుగా పూరింపవలసినవి.